కుక్కల కోసం చదివి, ఆవుల దగ్గరికి: జేమ్స్ హెరియట్ జీవితం

సంచిక కోసం ఒక ప్రముఖుడి జీవితం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, నా నుంచి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించో కె.ఎల్.రావుగారి గురించో వస్తుందని అనుకుని ఉంటారు. ఇంజనీరు ఇంకెవరి గురించి రాస్తాడు? నేను మాత్రం ఒక పశువుల డాక్టరు గురించి రాస్తున్నాను. మన బ్యాచ్‌లోనూ, మన ముందూ వెనకా బ్యాచ్‌లలోనూ ఎవరు ఏం చదవాలో తేల్చింది ర్యాంకు. ఎంపీసీ అయితే ఇంజనీరింగు, బైపీసీ అయితే మెడిసిన్, మెడిసిన్ అందకపోతే వెటర్నరీ. వెటర్నరీయే మొదటి కోరిక అని చెప్పినవాళ్లు మా క్లాసులో ఒక్కరూ లేరు. ఆ వృత్తికే రోజులు దగ్గరపడ్డాయని అందరూ అనుకుంటున్న కాలంలో, జంతువులంటే ఇష్టం అన్న ఒకే కారణంతో దాన్ని కోరుకున్న కుర్రాడు ఒకడున్నాడు. అతని అసలు పేరు జేమ్స్ ఆల్ఫ్రెడ్ వైట్. ఇంట్లో, ఊళ్లో ఆల్ఫ్. ప్రపంచానికి జేమ్స్ హెరియట్.

ఆల్ఫ్ 1916 అక్టోబరు 3న ఇంగ్లండు ఈశాన్య తీరంలోని సండర్లాండ్‌లో పుట్టాడు. మూడు వారాల పసికందుగా ఉండగానే కుటుంబం స్కాట్లండులోని గ్లాస్గోకి మారింది. తండ్రి ఓడలు కట్టే యార్డుల్లో పనిచేసేవాడు, సాయంత్రాలు మూకీ సినిమాలకు పియానో వాయించేవాడు. తల్లి పాటగత్తె, బట్టలు కుట్టి కూడా సంపాదించేది. ఒక్కడే కొడుకు. ఫీజు కట్టి చదివించాల్సిన హిల్‌హెడ్ హైస్కూల్లో చేర్చారంటే ఆ ఇంట్లో చదువుకి ఇచ్చిన విలువ అర్థమవుతుంది.

ఇంట్లో డాన్ అని ఐరిష్ సెట్టర్ జాతి కుక్క ఉండేది. ఎర్రటి ఒళ్లు, పొడుగు వెంట్రుకలు. ఆల్ఫ్ దాన్ని వెంటేసుకుని ఊరి బయట కొండల మీద మైళ్లకు మైళ్లు తిరిగేవాడు. మరో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు తమ కుక్కలతో కలిసేవారు. ఆ కుక్కల్లో ఏ రెండింటికీ ఒకే స్వభావం లేదని, మనుషుల్లో ఉన్నంత వైవిధ్యం వాటిలోనూ ఉందని గమనిస్తూ గంటలు గడిపేవాడు. అంతవరకు ఇది ఏ పిల్లవాడి కథైనా కావచ్చు.

పదమూడేళ్ల వయసప్పుడు అతని చేతికి 'మెకానో మ్యాగజైన్' వచ్చింది. రంధ్రాలున్న ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు బిగించి క్రేన్లు, వంతెనలు కట్టే ఆ ఆట సెట్టు మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ సెట్టు తయారుచేసే కంపెనీ మగపిల్లల కోసం నడిపిన పత్రిక అది. ఎంతమందిని ఇంజనీర్లుగా మార్చిందో లెక్క లేదు. అందులోనే పెద్దయ్యాక ఏ వృత్తి చేపట్టవచ్చో చెప్పే వ్యాసాల్లో ఒకటి పశువైద్యుడి గురించి వచ్చింది. రోజంతా జంతువుల మధ్య గడుపుతూ దాన్నే జీవనోపాధిగా చేసుకోవచ్చన్న సంగతి ఆల్ఫ్‌కి అప్పటిదాకా తట్టలేదు. నట్లూ బోల్టుల పత్రిక ఒక పశువుల డాక్టర్ని తయారుచేసిందంటే మా వృత్తివాడిగా నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

కానీ ఒక చిక్కుంది. ఆల్ఫ్‌కి ఇంగ్లీషు, ఫ్రెంచి, లాటిన్ బాగా వచ్చు. లెక్కలు రావు, సైన్సు అంతంతమాత్రం. ఇలాంటివాడికి వెటర్నరీ కాలేజీ ఎక్కడిదని మనసులోనే దిగులుపడుతున్న రోజుల్లో, గ్లాస్గో వెటర్నరీ కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ వైట్‌హౌస్ హిల్‌హెడ్ హైస్కూలుకి వచ్చి తమ వృత్తి గురించి పిల్లలకు ఉపన్యాసమిచ్చాడు. ఆల్ఫ్ ఆయన దగ్గర తన గోడు చెప్పుకున్నాడు. భాషలే వచ్చినా పరవాలేదు, వచ్చి చేరమని ఆయన భరోసా ఇచ్చాడు. ఉపన్యాసాలకు పెద్దవాళ్లను బడికి పిలిపించే మన మాస్టార్లు ఈ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చదవాలని నా మనవి. ఆ రోజు హాల్లో కూర్చున్న పిల్లల్లో ఎంతమంది ఆవులించారో తెలియదు, ఒకడికి మాత్రం జీవితం తేలిపోయింది.

1933లో కాలేజీలో చేరేనాటికి వృత్తి పరిస్థితి ఏమంత బాగోలేదు. పశువైద్యం అంటే అప్పటిదాకా ప్రధానంగా గుర్రాల వైద్యం. బళ్లు లాగే గుర్రాల చోట లారీలు, నాగళ్లు లాగే గుర్రాల చోట ట్రాక్టర్లు వచ్చేస్తున్నాయి. దానికి తోడు ఆర్థికమాంద్యం. ఆ కాలేజీకి సర్కారు గ్రాంటు ఆగిపోయి అప్పటికే కొన్నేళ్లయింది. పట్టా పుచ్చుకున్నవాళ్లలో కొందరు జీతం లేకుండా తిండికీ బసకీ పనిచేసేవారట. చదువులో గుర్రానిదే పెద్దపీట. ఆ తర్వాత ఆవు, గొర్రె, పంది, అన్నిటికన్నా చివర కుక్క. కుక్కల డాక్టరు కావాలనే ఆల్ఫ్ వచ్చాడు. తన కుక్కేమో పాఠ్యపుస్తకంలో ఆఖరి పేజీల్లో ఉంది. కొన్ని పేపర్లు తప్పాడు, మధ్యలో ఆరోగ్యం దెబ్బతింది. అయిదేళ్ల కోర్సు ఆరేళ్లు దాటి 1939 డిసెంబరులో ముగిసింది. అప్పటికి యుద్ధం మొదలైంది.

1940 జులైలో యార్క్‌షైర్‌లోని థర్స్క్ అనే చిన్న ఊళ్లో పని దొరికింది. సంత జరిగే ఊరు, చుట్టూ కొండలు, గొర్రెల మందలు, పాడి రైతులు. 23, కర్క్‌గేట్ అన్న ఇంట్లో డోనాల్డ్ సింక్లెయిర్ అనే వైద్యుడి ప్రాక్టీసు. ఆయన వైమానిక దళంలో చేరబోతూ, తాను లేనన్నాళ్లూ ప్రాక్టీసు చూసుకుంటే వచ్చే రాబడి అంతా నీదేనని ఈ కొత్త కుర్రాడికి అప్పగించి వెళ్లాడు. నాలుగు నెలల్లోనే తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి జీవితాంతం ఆ ఊళ్లోనే పనిచేశారు. 1941 నవంబరులో ఆల్ఫ్ జోన్ డాన్‌బరీని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన వారం కూడా కొండ ఊళ్లలో ఆవులకు పరీక్షలు చేస్తూనే గడిచింది. మధ్యలో ఆయనా వైమానిక దళానికి వెళ్లాడు గానీ, ఒక శస్త్రచికిత్స తర్వాత విమానం నడపడానికి పనికిరాడని 1943లో ఇంటికి పంపేశారు.

ఇక పని సంగతి. కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుని మందు వేసే పని కాదు అది. జనవరి చలిలో అర్ధరాత్రి ఫోను మోగుతుంది. కొండ మీద ఎక్కడో ఒక కొట్టంలో ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. చొక్కా విప్పేసి, నడుం దాకా ఒట్టి ఒంటితో, సబ్బు నీళ్లతో చెయ్యి కడుక్కుని, రాళ్లు పరిచిన నేల మీద బోర్లా పడుకోవాలి. భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడ్డం తిరిగిన దూడ కాలో తలో దొరకబుచ్చుకోవాలి. ఆవు నొప్పి తీసినప్పుడల్లా చెయ్యి నలిగి మొద్దుబారిపోతుంది. తాడు తగిలించి సమయం చూసి లాగాలి. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. మన పల్లెల్లో ఈ పని చేసిన గోపాలమిత్రల్ని అడిగితే చెబుతారు.

ఒక్కోసారి అద్భుతం కూడా జరుగుతుంది. ఈనిన వెంటనే ఆవు నేలకొరిగి తల పక్కకి వాల్చేస్తుంది. దాన్ని పాలజ్వరం అంటారు గానీ జ్వరం ఉండదు, ఒళ్లు చల్లబడిపోతుంది. పాలు దిగే తొందరలో రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. నరంలోకి కాల్షియం ఎక్కిస్తే చచ్చిపోయిందనుకున్న ఆవు కాసేపట్లో లేచి నిలబడుతుంది. ఆల్ఫ్ తరంవాళ్లు ఇలాంటి మార్పులన్నీ కళ్లారా చూశారు. పాతకాలపు కషాయాల సీసాలు బీరువాలో ఉండగానే సల్ఫా మందులు, తర్వాత పెన్సిలిన్ వచ్చిపడ్డాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం క్షయ పరీక్ష. అప్పట్లో ఆవుపాల ద్వారా పిల్లలకు క్షయ సోకేది. ఆవు మెడ మీద రెండుచోట్ల వెంట్రుకలు కత్తిరించి, చర్మం మడత మందం కాలిపర్స్‌తో కొలిచి, ఒకచోట పక్షుల క్షయకు సంబంధించిన ట్యూబర్‌కులిన్, రెండోచోట ఆవుల క్షయకు సంబంధించినది ఎక్కించాలి. డెబ్భై రెండు గంటల తర్వాత మళ్లీ వచ్చి కొలవాలి. తేడా కొన్ని మిల్లీమీటర్లు. మేము కమ్మీల మందం కొలిచే పరికరం లాంటిదే, కాకపోతే ఇక్కడ రీడింగు హద్దు దాటితే ఆ ఆవు కబేళాకి పోవాలి. పైకి అది నిగనిగలాడుతూ ఉండొచ్చు, ఇంట్లో అందరికీ ముద్దుల ఆవు కావచ్చు. పది ఆవులతో బతికే రైతు కళ్లెదుట ఆ మాట చెప్పాల్సింది జంతువుల మీద ప్రేమతో ఈ వృత్తిలోకి వచ్చిన మనిషే. ఇలా వేల ఆవుల్ని కొలిచి ఏరేయబట్టే 1960 నాటికి బ్రిటన్‌లో ప్రతి మందా పరీక్షలోకి వచ్చింది, పిల్లలు తాగే పాలు భద్రమయ్యాయి. పశువుల్ని ప్రేమించడం అంటే ముద్దు చెయ్యడం ఒక్కటే అనుకునేవాళ్లకు ఈ పని మింగుడుపడదు. ఆల్ఫ్ దాన్ని ఏళ్ల తరబడి చేశాడు.

శరీరం మూల్యం చెల్లించింది. ఆవులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ ఆయనకూ సోకి పదేపదే జ్వరాలతో పడగొట్టింది. 1960 ప్రాంతంలో మనసు కూడా కుంగిపోయింది. తీవ్రమైన డిప్రెషన్‌కి విద్యుత్ చికిత్స దాకా వెళ్లాల్సి వచ్చింది. బయటివాళ్లకు ఈ సంగతి పెద్దగా తెలియదు. ఎప్పుడూ నవ్వుతూ కబుర్లు చెప్పే మనిషి. కోలుకుని మళ్లీ అవే కొట్టాల్లోకి వెళ్లాడు.

ఇంటికొచ్చి ఆ రోజు జరిగింది భార్యకు చెప్పడం, ఇదంతా ఒక పుస్తకం రాస్తాననడం ఆయనకి అలవాటు. పాతికేళ్లు విన్నాక జోన్, యాభై ఏళ్లవాళ్లు మొదటి పుస్తకం రాయడం ఎక్కడా చూడలేదని తేల్చేసింది. పౌరుషం వచ్చింది. యాభయ్యో ఏట టైపుమిషను కొని, సాయంత్రాలు టీవీ మోగుతున్న గదిలోనే కూర్చుని కొట్టడం మొదలెట్టాడు. మొదట్లో పంపినవన్నీ తిరిగొచ్చాయి. నవలలా కాకుండా నేను అంటూ సొంత గొంతుతో రాయమన్న సలహా పనిచేసింది. 1970లో 'ఇఫ్ ఓన్లీ దే కుడ్ టాక్' వచ్చింది. పశువైద్యులు ప్రచారం చేసుకోవడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి సొంత పేరు పెట్టుకోలేదు. టీవీలో మాంచెస్టర్ యునైటెడ్ మీద అద్భుతంగా ఆడిన బర్మింగ్‌హామ్ గోల్‌కీపర్ జిమ్ హెరియట్ పేరు నచ్చి తగిలించుకున్నాడు. థర్స్క్ డారోబీ అయింది, డోనాల్డ్ సింక్లెయిర్ సీగ్‌ఫ్రీడ్ అయ్యాడు, ఆయన తమ్ముడు బ్రయన్ ట్రిస్టన్ అయ్యాడు.

మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1972లో అమెరికా ప్రచురణకర్త మొదటి రెండు పుస్తకాలనూ కలిపి, చివర పెళ్లి దాకా మరికొన్ని అధ్యాయాలు రాయించి, 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' అని వేశాడు. ఆ తర్వాత ఆగలేదు. పుస్తకాలు కోట్ల ప్రతులు పోయాయి, సినిమా వచ్చింది, 1978 నుంచి బీబీసీ సీరియల్ నడిచింది, 1979లో ప్రభుత్వ బిరుదు వచ్చింది. రాబడి మీద నూటికి 83 వరకు పన్ను పడుతున్న ఆ రోజుల్లో చాలామంది రచయితలు దేశం దాటిపోయారు. ఆయన కదల్లేదు. గమ్‌బూట్లు వేసుకుని ఆవుల దగ్గరికి పోతూనే ఉన్నాడు. ఊళ్లో రైతులకు ఆయన పుస్తకాల గోల పట్టలేదు, ఆయనకి కావలసిందీ అదే.

ఒక విషయం దాచకుండా రాయాలి. కొడుకు జిమ్ తండ్రి బాటలో పశువైద్యుడై అదే ప్రాక్టీసులో చేరాడు. కూతురు రోజీకీ అదే ఆశ. ఆల్ఫ్ వద్దన్నాడు. రాత్రిళ్లు, చలి, ఆవుల కుమ్ములు, ఆ మొరటు చాకిరీ ఆడపిల్లకి ఎందుకని పట్టుబట్టి మాన్పించాడు. ఆమె మనుషుల డాక్టరై అదే ఊళ్లో ప్రాక్టీసు పెట్టింది. జంతువుల మీద ప్రేమతో లక్షలమంది పిల్లల్ని ఈ వృత్తి వైపు లాగిన మనిషి సొంత కూతుర్ని ఆపాడు. అది తండ్రి భయమా, పక్షపాతమా, అనుభవమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. నాకైతే పక్షపాతమే ఎక్కువ కనిపిస్తుంది. ఇవాళ మన వెటర్నరీ కాలేజీల్లో చదివి జిల్లాల్లో పనిచేస్తున్న ఆడపిల్లల్ని చూస్తే ఆ మాట గట్టిగానే అనగలను.

ట్రాక్టర్లు వచ్చి గుర్రాలు పోయాక ఆ ప్రాక్టీసులో కుక్కలూ పిల్లులూ క్రమంగా పెరిగాయి. పాఠ్యపుస్తకం చివరి పేజీల్లో ఉన్న కుక్క ముందుకొచ్చింది. పల్లెలకు వెళ్తుంటే కారులో ఎప్పుడూ సొంత కుక్కలుండేవి. ఒక కొట్టానికీ మరో కొట్టానికీ మధ్య బండి ఆపి, కొండ అంచున వాటితో కాసేపు నడిచేవాడు. 1991లో క్యాన్సరని తెలిసింది. 1995 ఫిబ్రవరి 23న థర్స్క్ దగ్గర థర్ల్‌బీలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. బూడిదను ఆయన తిరిగిన ఆ కొండ అంచుల మీదే చల్లారు. కర్క్‌గేట్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు మూతపడుతుందనుకున్న గ్లాస్గో కాలేజీ విశ్వవిద్యాలయంలో కలిసి నిలదొక్కుకుంది. అక్కడి పశువైద్య గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు.

స్వర్ణోత్సవాల సందర్భంగా మా బ్యాచ్ బడి లైబ్రరీకి ఇస్తున్న పుస్తకాల్లో హెరియట్‌వి రెండు చేర్చాను. పెద్ద తరగతుల బీరువాలో కాకుండా ఎనిమిదో తరగతి పిల్లలకు అందేచోట పెట్టమని లైబ్రరీ చూసే మాస్టారిని కోరాను.