ఊళ్ళకు వైద్యుడు పాట్రిక్ గెడెస్

1914వ సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక మదరాసు తీరానికి వచ్చి, రేవు దగ్గరి చమురు తొట్లపై గుండ్లు కురిపించి చీకటిలో మాయమైనది. ఆ రాత్రి కలిగిన భయం చరిత్ర పుస్తకాలకు ఎక్కినది. అదే నౌక కొన్ని వారాల తరువాత లక్షదీవుల సమీపాన క్లాన్ గ్రాంట్ అనే వర్తకపు ఓడను పట్టి ముంచివేసిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ ఓడలోని సరుకుల నడుమ పటాలు, చిత్రాలు, నగరాల నమూనాలు నింపిన పెట్టెలు ఉండినవి. ఒక స్కాట్లండు పండితుడు ఏండ్ల తరబడి కూడబెట్టిన నగర ప్రదర్శనశాల అది. దానిని మదరాసులో చూపించుటకు ఆయన మరియొక ఓడలో బయలుదేరి మన దేశానికి వచ్చినాడు. వచ్చిన తరువాత తెలిసినది, చూపించుటకు ఏమీ మిగలలేదని.

ఆయన దిగులుపడి కూర్చుండలేదు. స్వదేశంలోని మిత్రులకు వ్రాసి, మరల పటాలు సేకరింపజేసి, 1915 జనవరిలో మదరాసులో ప్రదర్శన తెరిచినాడు. ఆయన పేరు పాట్రిక్ గెడెస్. అప్పటికి వయస్సు అరువది నిండినది. ఆయన జీవితంలో ముఖ్యమైన పని అప్పుడే మొదలైనదని చెప్పవచ్చును.

గెడెస్ 1854 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ అనే గ్రామంలో పుట్టినాడు. తండ్రి సైనికుడు. ఉద్యోగం చాలించుకొని పెర్త్ పట్టణం అంచున చిన్న ఇల్లు, తోట అమర్చుకొన్నాడు. ఆ తోటలోనే పిల్లవాని మొదటి చదువు సాగినది. కొండ ఎక్కి క్రింది పట్టణాన్ని, నదిని, పొలాలను ఒక్క చూపులో చూడడం ఆ వయస్సులో అలవడినది. పెద్దవాడై ఎడింబరోలో వృక్షశాస్త్రం చదవడానికి వెళ్ళి ఒక్క వారంలోనే విసిగి వచ్చివేసినాడు. తరువాత లండనులో సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్లీ వద్ద చదివినాడు. కాని పట్టం మాత్రం పుచ్చుకోలేదు. పట్టం లేని ఈ మనిషే తరువాత డండీ కళాశాలలో 1888 మొదలు 1919 వరకు వృక్షశాస్త్ర ఆచార్యుడుగా ఉండడం ఉపాధ్యాయులకు వింతగా తోచవచ్చును. ఆ పదవిలో సంవత్సరానికి వేసవిలో మూడు నెలలు బోధిస్తే చాలును. తక్కిన తొమ్మిది నెలలు ఆయన తన వెర్రికి, అనగా పట్టణాలకు, వినియోగించినాడు.

1879లో శాస్త్రపరిశోధనకై మెక్సికో వెళ్ళినప్పుడు కండ్లకు జబ్బు చేసినది. వైద్యులు వారాల తరబడి చీకటి గదిలో ఉంచినారు. చూపు పోవునేమోనన్న భయంతో గోడలు తడుముతూ తిరుగుతుండగా, కిటికీ అద్దాల చట్రం వ్రేళ్ళకు తగిలినది. ఆ గడులలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క భావం అంటగట్టుకొని, వాటి పరస్పర సంబంధాలను మనస్సులో అల్లుకొన్నాడు. చూపు తిరిగి వచ్చినది; సూక్ష్మదర్శినితో ఎక్కువ పని చేయగల శక్తి మాత్రం రాలేదు. జీవశాస్త్రం విడువక, పరిశీలించే ప్రాణిని మార్చినాడు. ఆ తరువాత ఆయన పరీక్షించిన ప్రాణి నగరం.

1886లో ఆనా మోర్టన్‌ను వివాహమాడి, ఆ దంపతులు ఎడింబరో పాతబస్తీలో, చదువుకొన్నవారు కాలు పెట్టని జేమ్స్ కోర్టు అనే ఇరుకు వాడలో కాపురం పెట్టినారు. గోడలకు సున్నం కొట్టినారు. కిటికీలలో పూలకుండీలు ఉంచినారు. ఇరుగుపొరుగును కూడగట్టి చెత్త ఎత్తించినారు. కూలిపోయే గదులను మాత్రమే తీసివేసి, గాలి వెలుతురు వచ్చే చోటు చేసి, తక్కిన ఇండ్లను బాగుచేయించినారు. కొన్నింటిలో విద్యార్థులకు వసతి కల్పించినారు. 1892లో అక్కడికి దగ్గరనే ఒక పాత బురుజును తీసుకొని ఔట్‌లుక్ టవర్ అని పేరు పెట్టినాడు. పై అంతస్తులో ఊరి దృశ్యం, దాని క్రింద ఎడింబరో పటాలు, ఆ క్రింద స్కాట్లండు, ఇంకా క్రిందికి దిగితే యూరపు, చివరికి ప్రపంచం. భూగోళం పాఠం తన వీధి నుండి మొదలుపెట్టవలెనన్నది ఆయన పద్ధతి.

ఇక్కడ ఆ కాలపు చట్టాల సంగతి కొంత చెప్పుకొనక తప్పదు. పారిశ్రామిక నగరాలు పెరిగి, ఇంటి ప్రక్కనే తోళ్ళ కార్ఖానా, బడి ప్రక్కనే బొగ్గుల కొలిమి వెలసిన తరువాత, ఎవరి నేలపై వారు ఏమి చేసుకొన్నను అడ్డు లేదన్న పాత న్యాయం నిలువలేదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు 1891లోనే నగరాన్ని మండలాలుగా విభజించినది. బ్రిటన్‌లో 1909లో పట్టణ నిర్మాణ చట్టం వచ్చినది. 1916లో న్యూయార్కు నగరం నివాసానికి ఇది, వ్యాపారానికి ఇది అని గీతలు గీసి, మేడల ఎత్తుకు కూడ హద్దు పెట్టినది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరు అట్టి గీత గీసినప్పుడు, 68 ఎకరాల భూమి గల ఒక కంపెనీ తన ఆస్తి విలువ పడిపోయినదని వ్యాజ్యం తెచ్చినది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పినది. ప్రజాక్షేమం కోసం ప్రభుత్వం సొంత భూమి వాడుకకు హద్దు పెట్టవచ్చునన్న సూత్రం ఆ తీర్పుతో అక్కడ స్థిరపడినది.

గెడెస్ ఈ సూత్రాన్ని కాదనలేదు. ఆయన అడిగినది వేరు: గీత గీసేవాడు ఆ నేలను నడిచి చూచినాడా? స్థలం, పని, జనం అనే మూడింటిని విడదీయరాదనీ, సర్వే ముందు, ప్రణాళిక తరువాత అనీ ఆయన బోధించినాడు. మన మంగళగిరి, పోచంపల్లి వంటి నేత ఊళ్ళను తలచుకొంటే ఈ మాటలోని బరువు తెలియును. మగ్గం గుంట ఇంటిలోనే ఉండును. నివాసం ఇటు, పరిశ్రమ అటు అని గీత గీస్తే అది సాలెవాని ఇంటి నట్టింటి మీదుగా పోవలసివచ్చును.

మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పూర్వం స్కాట్లండు వ్యవహారాల మంత్రిగా ఉండిన కాలం నుండి గెడెస్‌ను ఎరుగును. ఆయన ఆహ్వానంపై వచ్చిన గెడెస్ రాష్ట్రంలోని పట్టణాలు తిరిగి నివేదికలు వ్రాసినాడు. అప్పటికి మన దేశంలో ఊళ్ళను బాగుచేయడమంటే పడగొట్టడమే. ప్లేగు వచ్చిన తరువాత 1898లో బొంబాయిలో ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడినది. 1911లో కలకత్తాకు అట్టి చట్టమే చేసినారు. మూసీ వరదల అనంతరం 1912లో హైదరాబాదులో నగరాభివృద్ధి సంస్థ నెలకొన్నది. ఈ సంస్థలన్నీ చెడ్డవని కాదు. కాని చాలచోట్ల ఇంజనీరు బల్లమీద చదరంగపు పలక వలె వీధులు గీసి, ఆ గీతకు అడ్డమైన ఇంటినెల్ల సేకరించి కూల్చే అధికారం చట్టం ఇచ్చినది. కూలిన ఇంటివారు ఎక్కడికి పోదురో ఆ పటంలో ఉండదు. వారు ప్రక్క వాడకు పోయి, అక్కడి ఇరుకును రెట్టింపు చేసేవారు.

తంజావూరు కోటలోని ఒక పేటకు ఇట్టి చదరపు వీధుల ప్రణాళికే సిద్ధమైనది. గెడెస్ పెద్ద కొలతల పటం చేతబట్టి ఆ సందులన్నీ కాలినడకన తిరిగినాడు. ఏ గోడ కూలుటకు సిద్ధంగా ఉన్నది, ఏ పెరడు ఖాళీగా ఉన్నది, ఏ చెట్టు క్రింద జనం కూర్చుండురు, ఇవన్నీ గుర్తులు పెట్టుకొన్నాడు. ఆ ఖాళీలను కలిపి, శిథిలమైన కొద్ది ఇండ్లను మాత్రం తొలగిస్తే గాలి, వెలుతురు, నడవడానికి దారి అన్నీ వచ్చునని చూపినాడు. పాత ప్రణాళికకు, నిర్వాసితులకు ఇవ్వవలసిన స్థలాల ఖరీదు కాక, 30,000 రూపాయలు అంచనా. ఆయన పద్ధతికి 5,000. దీనికి ఆయన పెట్టిన పేరు పరిరక్షక శస్త్రచికిత్స. అవయవం తెగగొట్టక రోగాన్ని మాత్రం తీసివేయడం.

చెరువుల విషయంలోను ఇదే పోరాటం. దోమలు పుట్టునని, మలేరియా వచ్చునని ఆరోగ్యాధికారులు చెరువులను, బావులను పూడ్పించమనేవారు. శుభ్రపరచి చేపలను, బాతులను వదలితే దోమల గ్రుడ్లను అవి తినివేయుననీ, చెరువు ఊరికి చల్లదనమనీ, వర్షపు నీటికి నిలువ చోటనీ గెడెస్ వాదించినాడు.

ఇది నేటి వ్యాజ్యాలకు ఎంత దగ్గరగా ఉన్నదో చెప్పనక్కరలేదు. చెరువులు, అడవులు ప్రజలందరి సొత్తనీ, చెరువు భూమిని ఇండ్ల స్థలాలుగా పంచరాదనీ 2001లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మూసీ వరదల అనుభవంతో కట్టిన జంట జలాశయాల చుట్టు 84 గ్రామాలలో నిర్మాణాలకు హద్దు పెట్టుతూ 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తరువు, దానిని తొలగిస్తూ 2022లో వచ్చిన ఉత్తరువు తెలుగు పాఠకులు ఎరిగినవే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, కనీసం పదిహేను రోజుల వ్యవధితో నోటీసు ఇవ్వక ఎవరి కట్టడాన్నీ కూల్చరాదన్నది. వీధి, నదీతీరం, చెరువు వంటి బహిరంగ స్థలాలలోని అక్రమ నిర్మాణాలకు మాత్రం ఈ రక్షణ లేదన్నది. చిక్కు అక్కడనే ఉన్నది. గెడెస్ కాలంలో బీదవాని ఇంటిని కూల్చేదీ, చెరువును పూడ్చేదీ సర్కారే గనుక ఆయన రెండింటినీ ఒక్క గొంతుతో కాపాడగలిగినాడు. ఇప్పుడు చెరువు గర్భంలోనే ఇల్లు ఉన్నది. అప్పుచేసి కొన్నవాడు పట్టా చూపుచున్నాడు.

ఆయన చట్టంతో కంటె పండుగతోనే ఎక్కువ సాధించినాడనుటకు ఇందూరు నిదర్శనం. 1917లో హోల్కారు సంస్థానపు రాజధానియైన ఇందూరులో ప్లేగు ఉండినది. తనను ఒక్క దినం మహారాజుగా ఉండనిమ్మని గెడెస్ కోరినాడు. అనుమతి దొరకినది. దీపావళి ఊరేగింపు ఏనాడూ పోయే దారిని కాక, ఏ వీధులవారు ఇండ్లు శుభ్రపరచుకొని బాగుచేసుకొందురో ఆ వీధుల గుండా పోవునని చాటింపు వేయించినాడు. చెత్త ఎత్తడం ఉచితమన్నాడు. ఊరంతా పోటీపడి, వేల బండ్ల చెత్త బయటికి పోయినది. ఊరేగింపులో ఏనుగులు, అశ్వదళం తరువాత మురికి రాక్షసుని బొమ్మ, ప్లేగును తెచ్చే పెద్ద ఎలుక బొమ్మ నడిచినవి. ఆ వెనుక తెల్లని బట్టలు కట్టుకొని, పూలదండలు వేసుకొని ఊడ్చే పాకీవారు, అలంకరించిన ఎడ్ల బండ్లు. ఊరిలో నిత్యం వెలిగా నిలిచినవారికి ఆనాడు మధ్యవీధిలో దక్కిన స్థానం అది. చివరికి రాక్షసుని, ఎలుకను తగులబెట్టినారు. తులసి మొక్కలు పంచిపెట్టినారు. ప్లేగు ఋతువు ఎటూ ముగియవచ్చినది, ఆ సంగతి ఆయనకు తెలియును. కాని జనం తమ చీపురే దానిని తరిమినదని నమ్మినారు. ఆ నమ్మకం చెడ్డది కాదు.

ఆ ఉత్సవం నడిపిన మనిషి ఆ సంవత్సరమే సర్వం కోల్పోయినవాడు. పెద్ద కుమారుడు అలస్డెయర్ ఫ్రాన్సు యుద్ధరంగంలో 1917 ఏప్రిల్‌లో గుండు తగిలి మరణించినాడు. ఆ తంతి వచ్చేనాటికి ఆనా మన దేశంలోనే జ్వరంతో మంచం పట్టి ఉన్నది. గెడెస్ ఆమెకు చెప్పలేదు. కుమారుడు పూర్వం వ్రాసిన ఉత్తరాలను క్రొత్తగా వచ్చినవాటి వలె చదివి వినిపిస్తూ వచ్చినాడు. జూన్‌లో ఆమె, కొడుకు బ్రతికి ఉన్నాడనుకొంటూనే కన్ను మూసినది.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయం ఆయనను సమాజశాస్త్ర, పౌరశాస్త్రాల ఆచార్యుడుగా నియమించినది. 1920లో జగదీశ చంద్ర బోసు జీవితచరిత్ర వెలువరించినాడు. పాలస్తీనా వెళ్ళి, 1925లో టెల్ అవీవ్ నగరానికి ప్రణాళిక ఇచ్చినాడు. అదే 1920లో మదరాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చినది. ఆయన ప్రబోధమూ, సహచరుడు లాంచెస్టర్ కృషీ అందుకు దోహదం చేసినవి. 1956లో ఏర్పడిన రాష్ట్రానికి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రణాళికా చట్టం, 1920 అనే పేరుతో చట్టం ఎట్లు ఉన్నదని విద్యార్థులు సందేహపడుట కద్దు. ఈ పాత మదరాసు చట్టమే పేరు మార్చుకొని అట్లు మనకు సంక్రమించినది. అయితే చట్టంలో ప్రణాళిక, పరిహారం, అభివృద్ధి రుసుము చోటు చేసుకొన్నంతగా సందులలో కాలినడక చోటు చేసుకోలేదు.

తప్పు కొంత గెడెస్‌లోనూ ఉన్నది. ఆయన మాట గడ్డంలోనే సగం నిలిచిపోయేది. వ్రాత ఒక విషయం నుండి పది విషయాలకు దూకేది. అధికారులు చదివి విసుగుచెంది నివేదికలను బీరువాలలో పెట్టినారు. నచ్చచెప్పితే ప్రతివాడూ వినునని ఆయన నమ్మినాడు; వినని పొరుగువానిని ఏమి చేయవలెనో చెప్పవలసిన భారం చట్టానికే మిగిలినది.

1924లో ఆరోగ్యం చెడి మన దేశం విడిచి, దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే దగ్గర రాతి కొండపై కళాశాల ఒకటి కట్టి తోట వేసినాడు. 1912లో వద్దన్న సర్ బిరుదును 1932లో స్వీకరించినాడు. ఆ ఏప్రిల్ 17వ తేదీన అక్కడనే మరణించినాడు. బీరువాలలోని ఆ భారతదేశపు నివేదికల నుండి జాక్వెలిన్ టిర్విట్ అనే వనిత కొన్ని భాగాలు ఏరి, 1947లో లండనులో పుస్తకంగా ప్రకటించినది. తంజావూరు సందుల పటం, 30,000 రూపాయల లెక్క ప్రక్కన 5,000 రూపాయల లెక్క అందులో ఉన్నవి.