పనిముట్టు మర్మమెరిగిన టామ్ మోరిస్

చేసే పని ఎంతటిదైనా, దానికి వాడే పనిముట్టు మనిషి శరీరానికి ఒదిగినప్పుడే ఆ పని సొంపుగా సాగుతుంది. ఈ సత్యాన్ని గద్వాల సీమ ప్రజలు తరతరాలుగా ఎరుగుదురు. వడ్డేపల్లి పరిసర గ్రామాలలో ట్రాక్టర్లు రాకపూర్వం నాగలి చేయించుకొనే రైతు తన ఎత్తును బట్టి మేడిని అమర్చమని వడ్రంగిని కోరేవాడు. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలో గుంటమగ్గం మీద చీర నేసే కళాకారుడు తన కాళ్ళ పొడవుకు తగినట్లు గుంట లోతును సరిచూసుకుంటాడు. మగ్గం మనిషికి కుదరకపోతే నడుము నొస్తుంది, నేత చెడుతుంది. వేల మైళ్ళ దూరాన, స్కాట్లాండు దేశంలో, ఒక చేనేత కార్మికుని కుమారుడు ఇదే సూత్రాన్ని ఒక ఆటవస్తువు తయారీలో ఆచరించి లోకప్రసిద్ధుడయ్యాడు. ఆయనే టామ్ మోరిస్. అదే పేరు గల కుమారుని నుండి వేరుగా గుర్తించడానికి ఆయనను లోకం ‘ఓల్డ్ టామ్’ అని పిలుచుకుంది.

ఆయన జీవితాన్ని తెలుసుకోవాలంటే ముందుగా గోల్ఫు ఆటను గురించి కొంత తెలియాలి. విశాలమైన పచ్చిక మైదానంలో దూరదూరంగా చిన్న గుంటలు ఉంటాయి. ఆటగాడు ఒక పొడవైన కర్రతో చిన్న బంతిని కొడుతూ, ఒక్కొక్క గుంటలోకి చేర్చుకుంటూ సాగాలి. ఎవరు తక్కువ దెబ్బలతో ఆట ముగిస్తే వారే విజేత. బంతిని దూరం పంపడానికి ఒక కర్ర, ఇసుకలోనుండి పైకి లేపడానికి ఒక కర్ర, గుంటలోకి మెల్లగా దొర్లించడానికి మరొక కర్ర కావాలి. కర్ర పొడవులో అంగుళం తేడా వచ్చినా బంతి దారి తప్పుతుంది. అందువల్ల ఈ ఆటలో ఆటగాని నేర్పుకు కర్ర చేసేవాని నేర్పు తోడు కావలసి ఉంటుంది.

టామ్ మోరిస్ 1821 జూన్ 16న స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో జన్మించాడు. సముద్రతీరాన వెలసిన ఆ పట్టణం గోల్ఫు ఆటకు పుట్టినిల్లుగా పేరుపొందింది. తండ్రి జాన్ మోరిస్ మగ్గం నేసి కుటుంబాన్ని పోషించేవాడు. అంగడిలో బంతులు కొనే స్తోమత లేని ఆ ఊరి పిల్లలు సీసాల బిరడాలకు మేకులు గుచ్చి బంతులుగా చేసుకొని, ఇంట్లో చెక్కుకున్న కర్రలతో వీధులలో ఆడుకొనేవారు. టామ్ కూడా ఆ విధంగానే ఆటలో ఓనమాలు దిద్దుకున్నాడు. తన చేతితో తాను చేసుకున్న కర్రతోనే ఆయన మొదటి ఆట ఆడాడు.

పద్నాలుగేళ్ళ వయసులో టామ్ ఆ ఊరి అలన్ రాబర్ట్‌సన్ వద్ద శిష్యునిగా చేరాడు. రాబర్ట్‌సన్ ఆ కాలపు ఆటగాళ్ళలో అగ్రగణ్యుడు. బంతుల తయారీ ఆయనకు వంశపారంపర్యంగా వచ్చిన వృత్తి. టామ్ నాలుగేళ్ళు శిష్యరికం చేసి, తరువాత అయిదేళ్ళు అక్కడే పనివానిగా కొనసాగాడు. ఆ కార్ఖానాలో తయారయ్యే బంతి లోపల పక్షి ఈకలు ఉండేవి. ఉడకబెట్టిన బాతు ఈకలను ఒక టోపీ నిండుగా తీసుకొని, తడి తోలు సంచిలోకి ఇనుప చువ్వతో కూరి కుట్టేవారు. ఆరినప్పుడు తోలు బిగుసుకొని, ఈకలు ఉబ్బి, బంతి రాయిలా గట్టిపడేది. ఒక పనివాడు రోజంతా శ్రమించినా మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు. ఈకల ధూళి పనివారి ఊపిరితిత్తులను దెబ్బతీసేది. ఇంతచేసినా వానలో తడిస్తే ఆ బంతి బరువెక్కేది. గట్టి దెబ్బ తగిలితే కుట్లు విడిపోయేవి.

ఆ రోజులలో కర్ర తయారీ కూడా సున్నితమైన కళ. తలభాగానికి ఆపిల్, పియర్, బీచ్ వంటి చెట్ల కలపను చెక్కేవారు. కాడకు మొదట బూరుగకు భిన్నంగా గట్టిగా, సాగేగుణంతో ఉండే ఆష్ కలపను, తరువాతి కాలంలో అమెరికా నుండి వచ్చిన హికరీ కలపను వాడారు. తలను, కాడను ఏటవాలుగా చెక్కి, జిగురుతో అతికి, ఆ అతుకు మీద తారు పూసిన పురిదారాన్ని వరుస తప్పకుండా బిగించి చుట్టేవారు. తల వెనుక భాగాన్ని తొలిచి సీసం కరిగించి పోసేవారు. దెబ్బకు బరువునిచ్చేది ఆ సీసమే. నేలకు తగిలే అంచు అరిగిపోకుండా పొట్టేలు కొమ్ము ముక్కను అమర్చేవారు. పట్టుకొనే చోట గుడ్డ చుట్టి, దాని మీద మెత్తని తోలు బిగించేవారు.

టామ్ పనితనంతోపాటు ఆటలోనూ గురువుకు సాటి వచ్చాడు. అప్పటి పోటీలు పందెం కట్టి జోడీలుగా ఆడేవి. గురుశిష్యులు జోడీగా నిలిచిన సమాన పందేలలో ఓటమి ఎరుగరని ఆ ఊరిలో ప్రతీతి. కాని ఆ అనుబంధానికి ఒక కొత్త పదార్థం రూపంలో పరీక్ష ఎదురైంది.

మలయా ప్రాంతపు అడవులలో పెరిగే ఒక చెట్టు పాల నుండి గట్టా పెర్చా అనే బంక లభిస్తుంది. వేడినీటిలో మెత్తబడి, చల్లారితే గట్టిపడటం దాని స్వభావం. 1848 ప్రాంతంలో దానితో గోల్ఫు బంతులు చేయడం మొదలైంది. అవి ఈకల బంతుల కన్నా ఎంతో చౌక. తడిస్తే చెడవు. నలిగిపోయినా, చీలినా మళ్ళీ వేడిచేసి అచ్చులో వేస్తే కొత్త బంతి సిద్ధమవుతుంది. నునుపుగా ఉన్న కొత్త బంతి గాలిలో నిలకడగా సాగేది కాదు. కర్ర దెబ్బలకు గంట్లు పడిన పాత బంతి మాత్రం చక్కగా ఎగిరేది. ఇది గమనించిన పనివారు సుత్తితో ముందే గంట్లు పెట్టడం ఆరంభించారు. నేటి గోల్ఫు బంతి మీద కనిపించే చిన్న చిన్న గుంటలకు మూలం ఈ అనుభవమే.

ఈ కొత్త బంతిని చూసి రాబర్ట్‌సన్ కలవరపడ్డాడు. తాతతండ్రుల నుండి వచ్చిన ఈకల బంతి వృత్తి కూలిపోతుందన్న ఆయన భయం సహజమైనదే. ఆయన ఇంటి పొయ్యి ఆ బంతుల మీదనే వెలిగేది. ఒకనాడు ఆట మధ్యలో టామ్ వద్ద ఉన్న బంతులు అయిపోయాయి. తోటి ఆటగాడు ఒక గట్టా పెర్చా బంతిని ఇచ్చి ఆడమన్నాడు. టామ్ ఆడాడు. ఆ వార్త గురువు చెవిన పడింది. ఇద్దరి మధ్య మాటలు పెరిగాయి. టామ్ ఆ కార్ఖానా నుండి బయటికి రావలసి వచ్చింది. అన్నం పెట్టిన చేతిని కాదనడం ఆయనకు సులభమైన విషయం కాదు. అయితే మంచిదని తన చేతులు గుర్తించిన వస్తువును చెడ్డదని చెప్పడం కూడా ఆయన వల్ల కాలేదు. విశేషమేమంటే, కొంతకాలానికి రాబర్ట్‌సన్ కూడా ఆ కొత్త బంతులనే తయారుచేయవలసి వచ్చింది. వృత్తిలో విడిపోయినా గురుశిష్యులు మైదానంలో మళ్ళీ జోడీగా ఆడారు. 1859లో రాబర్ట్‌సన్ మరణించాడు.

1851లో టామ్ జీవితం కొత్త మలుపు తిరిగింది. స్కాట్లాండు పశ్చిమ తీరాన ప్రెస్ట్‌విక్‌లో ఏర్పడిన గోల్ఫు సంఘం ఆయనను ఆహ్వానించింది. అప్పటికే నాలుగేళ్ళ కుమారుని పోగొట్టుకున్న టామ్, ఆగ్నెస్ దంపతులు ఆ ఏడాది ఏప్రిల్‌లో పుట్టిన మరొక బిడ్డను ఎత్తుకొని అక్కడికి తరలివెళ్ళారు. ఆ బిడ్డకూ టామ్ అనే పేరు పెట్టారు. ప్రెస్ట్‌విక్‌లో ఆయన పన్నెండు గుంటల మైదానాన్ని తీర్చిదిద్దాడు. సొంతంగా బంతులు, కర్రలు తయారుచేసి అమ్మాడు. 1860 అక్టోబర్ 17న ఆ మైదానంలోనే ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీ తొలిసారిగా జరిగింది. పోటీలో పాల్గొన్నవారు ఎనిమిది మంది. మొదటి దెబ్బ కొట్టినవాడు టామ్ మోరిస్. విల్లీ పార్క్ ఆ పోటీలో గెలుపొందగా, టామ్ రెండు దెబ్బల తేడాతో ద్వితీయుడయ్యాడు. తరువాత 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో నాలుగుసార్లు ఆయనే విజేత. 1862లో పదమూడు దెబ్బల ఆధిక్యంతో సాధించిన విజయాన్ని ప్రధాన పోటీలలో మించడానికి 138 ఏళ్ళు పట్టింది. 2000లో టైగర్ వుడ్స్ ఆ రికార్డును అధిగమించాడు. 46 ఏళ్ళ వయసులో ఓపెన్ గెలిచిన టామ్ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

1865లో సెయింట్ ఆండ్రూస్ ఆయనను తిరిగి పిలిపించుకుంది. ఏడాదికి 50 పౌండ్ల జీతంతో మైదాన సంరక్షకునిగా నియమించింది. ఆట ముగిసే పద్దెనిమిదో గుంట పక్కనే ఆయన దుకాణం వెలసింది. ఆ దుకాణపు పని రెండు విధాలు. మొదటిది కొత్త కర్రల తయారీ. పొడగరికి పొడవైన కాడ, పొట్టివానికి కురుచ కాడ కావాలి. వంగి నిలబడి ఆడేవానికి, నిటారుగా నిలబడేవానికి తల, కాడల మధ్య కోణం వేరువేరుగా ఉండాలి. చేయి చిన్నదైతే పట్టు సన్నగా చుట్టాలి. విసురుగా కొట్టేవానికి గట్టి కాడ, నెమ్మదిగా కొట్టేవానికి వంగే కాడ అనుకూలిస్తాయి. పనివాడు కాడను కొద్దికొద్దిగా గీకుతూ, వంచి చూస్తూ, మళ్ళీ గీకుతూ ఆ వంపును సాధించేవాడు. ఒక పొర ఎక్కువగా పోయిందంటే దానిని తిరిగి అతికించడం సాధ్యం కాదు.

రెండవది మరమ్మతు. కొత్త బంతి గట్టిది కావడంతో మృదువైన కలప తలలు పగలసాగాయి. పగిలిన ముఖభాగాన్ని తొలిచి తోలు ముక్కను బిగించడం, విరిగిన కాడను తీసి పాత తలకు కొత్త కాడను అతకడం, వదులైన దారాన్ని విప్పి మళ్ళీ చుట్టడం వంటి పనులు నిత్యకృత్యమయ్యాయి. క్రమంగా పొడవైన సన్నని తలల స్థానంలో పొట్టిగా, దళసరిగా ఉండే తలలు వచ్చాయి. బంతి మారితే కర్ర మారింది, కర్ర మారితే ఆటతీరు మారింది. ఆ మార్పులన్నింటికీ టామ్ మోరిస్ తన ఉలితో సాక్షిగా నిలిచాడు.

పనిముట్టును బాగుచేసినట్లే ఆయన నేలను కూడా బాగుచేశాడు. పాడుపడిన పచ్చిక మీద ఇసుక చల్లి గడ్డి దట్టంగా పెరిగేలా చేశాడు. ఆదివారం నేలకు కూడా విశ్రాంతి కావాలని భావించి ఆ రోజు ఆటను అనుమతించలేదు. కార్నూస్టీ, మ్యూర్‌ఫీల్డ్, ఐర్లండులోని రాయల్ కౌంటీ డౌన్ మొదలైన అనేక మైదానాల రూపకల్పనలో ఆయన చేయి ఉంది.

కీర్తి వెంట దుఃఖం కూడా ఆయనను వెన్నాడింది. కుమారుడు యంగ్ టామ్ తండ్రిని మించిన ఆటగాడు. 1868లో పదిహేడేళ్ళకే అతడు ఓపెన్ గెలిచినప్పుడు ద్వితీయ స్థానంలో నిలిచినవాడు తండ్రే. 1869, 1870, 1872లలోనూ ఆ కుమారుడే విజేత. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో ఆడుతుండగా, యంగ్ టామ్ భార్యకు ప్రసవం కష్టమైందని తంతి అందింది. వారు పడవలో ఇల్లు చేరేసరికే తల్లీబిడ్డలిద్దరూ కన్నుమూశారు. ఆ వియోగాన్ని భరించలేక కుంగిపోయిన యంగ్ టామ్ అదే ఏడాది డిసెంబరు 25న 24వ యేట మరణించాడు. మరుసటి సంవత్సరం ఆగ్నెస్ కూడా భర్తను విడిచి వెళ్ళింది. చివరకు తన సంతానమంతటినీ పోగొట్టుకొని ఆ వృద్ధుడు ఒంటరిగా మిగిలాడు. అయినా 1903 వరకు మైదాన సంరక్షణ బాధ్యతను విడువలేదు. సరిచేయడానికి వీలులేని నష్టం లోపల ఉన్నా, సరిచేయగలిగిన వాటిని సరిచేస్తూ ఆయన శేషజీవితాన్ని గడిపాడు.

1908 మే 24న, 86 ఏళ్ళ వయసులో, మెట్ల మీది నుండి పడి టామ్ మోరిస్ తుదిశ్వాస విడిచాడు. సెయింట్ ఆండ్రూస్‌లోని పద్దెనిమిదో గుంటకు ఆయన పేరే పెట్టారు. ఆయన పుట్టిన ఎనిమిదేళ్ళకే, 1829లో, కలకత్తాలో గోల్ఫు సంఘం ఏర్పడి ఆ ఆట మన దేశంలో అడుగుపెట్టింది. పంతొమ్మిదో శతాబ్ది చివర కర్రల తలలకు పెర్సిమన్ అనే అమెరికా కలప వాడుకలోకి వచ్చింది. ఆ చెట్టు మన అడవులలో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టుకు దగ్గరి బంధువు. కలప ఏ దేశానిదైనా, దాని గుణాన్ని చేతితో తెలుసుకొనే విద్య ఒక్కటే.

పాతదాన్ని గౌరవిస్తూనే మేలైన కొత్తదాన్ని స్వీకరించడం, మనిషిని చూసి పనిముట్టును మలచడం, పాడైనదాన్ని పారవేయక బాగుచేయడం టామ్ మోరిస్ జీవితం అందించే పాఠాలు. మేడిని చెక్కే వడ్రంగిలోను, మగ్గాన్ని సవరించుకొనే నేతగానిలోను ఆ విజ్ఞానమే ఉంది. చేతివృత్తులను చిన్నచూపు చూడకుండా, వాటిలోని శాస్త్రాన్ని గుర్తించి గౌరవించడం విద్యావంతులైన యువతీయువకుల కర్తవ్యం.