సవర పాటలు మూటగట్టిన పంతులుగారు

పాత వస్తువులను సేకరించే సరదా కొందరికి ఉంటుంది. కొయ్యబొమ్మలు, ఇత్తడి సెమ్మెలు, తాటాకు గ్రంథాలు పోగుచేసి అపురూపంగా దాచుకుంటారు. మన గంజాం కొండల సవరలు తమ పితరుల ప్రీతికై ఇంటి గోడలమీద వేసే బొమ్మలను నేడు కాగితంమీద, గుడ్డమీద గీసి అమ్ముతున్నారు. పట్టణాలవారు కొని గోడకు తగిలించుకొంటున్నారు. సంతోషమే. కాని ఆ కొండలనుండే గోడకు తగిలించ వీలులేని సొత్తును ఒక తెలుగు బడిపంతులు ఏనాడో సేకరించారు. ఆయనే శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఈ ఉగాదినాడు ఆ మహనీయుని తలచుకొందాం.

పంతులుగారు 1863 ఆగస్టు 29న ముఖలింగం చెంత, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. అది నేడు శ్రీకాకుళం జిల్లా. ఆనాడు గంజాం జిల్లా. అందుచేత ఆయన మన జిల్లావారేనని మేము ధైర్యంగా చెప్పుకొంటాము. చిన్ననాటనే తండ్రి పోయారు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంమీద ఉపాధ్యాయులుగా చేరారు. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూ ఇంటివద్ద చదివి ప్యాసైనవే. మావంటి మెట్రిక్ గుమాస్తాలు ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోదగినది.

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు ఉన్నారు. వారి భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ముండా కుటుంబానికి చెందినది. దానికి ఆనాడు వ్రాత లేదు. ఎన్ని పాటలున్నా, ఎన్ని కథలున్నా అన్నీ నోటనే నిలిచి ఉండేవి. ముసలివారు పోతే వారితోపాటే పోయేవి. పంతులుగారికి ఇది సహించరానిదిగా తోచింది. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. నౌపడానుండి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చినది 1900లో. అంటే పంతులుగారు కొలువులో చేరిన 20 ఏండ్లకు. రైలు వచ్చినా అది కొండ ఎక్కదు గదా! పంతులుగారు కాలినడకను సవరపల్లెలు తిరిగి మాటలు, పాటలు, కథలు వ్రాసుకొన్నారు.

కొండ ఊరకే ఇవ్వలేదు. ఆ తిరుగుళ్లలో మలేరియా జ్వరం పట్టింది. దానికి పుచ్చుకొన్న క్వినైను మూలాన ఆయనకు చెవుడు వచ్చింది. చెవితో పోగుచేసిన ధనానికి చెవినే వెలగా చెల్లించారన్నమాట. అయినా పని మానలేదు.

సేకరించినవారు సాధారణంగా దాచుకొంటారు. పంతులుగారు తిరిగి ఇచ్చారు. సవర మాటలను తెలుగు లిపిలో పెట్టి పుస్తకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వబోతే తమకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. నిఘంటువు నాటికి ఆయన వయస్సు 75. వాడుక తెలుగుకోసం 1906 మొదలు ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసినదే. సామాన్యుని నోటిమాటకు విలువ ఉన్నదని ఆయన సవరల గుడిసెల ముందే గ్రహించారని మా నమ్మకం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరకూడదని వాదించిన పంతులుగారు ఆ ఉదయమే 50 ఏండ్లకు పైబడి నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే నేడు తెలుగు భాషాదినంగా జరుపుకొంటున్నాము.

ఆయన వెళ్లిపోయారు. మనం బరంపురంలో ఉన్నాము. ఇది మన ఊరే, ఒడియావారు మన ఇరుగుపొరుగే. మనకు అన్నం పెడుతున్నదీ ఈ నేలే. కాని మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు ఇంట మాట్లాడుతారు గాని చాలమందికి అక్షరాలు రావు. మన అమ్మమ్మల జోలపాటలు, పెండ్లిపాటలు, మంగళహారతులు, పొడుపుకథలు ఇప్పుడు ఆనాటి సవర పాటల స్థితిలోనే ఉన్నాయి. నోట ఉన్నాయి, వ్రాతలో లేవు.

కనుక మా మనవి ఒకటి. ప్రతి ఇంట ఒక నోటుపుస్తకం పెట్టండి. పెద్దవారిచేత పాడించి వ్రాసుకోండి. చేతిలో ఫోను ఉండనే ఉన్నది, గొంతు కూడా పట్టి ఉంచవచ్చు. పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చేదాకా ఒడియా అక్షరాలతోనైనా వ్రాయనివ్వండి. సవర మాటను తెలుగు లిపిలో నిలబెట్టిన పంతులుగారు దీనికి కోపగించుకోరు. అక్షరాలు తరువాత నేర్పవచ్చు. అమ్మమ్మ పోయిన తరువాత పాట మాత్రం దొరకదు.

వచ్చే ఉగాదికి ఆ పుస్తకాలన్నీ సంఘానికి తెచ్చి ఒకచోట చేర్చుదాం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.