గబ్బిలాల దారి వెదకిన గురువు

సాయంకాలం త్రికాల జపానికి గంట మోగే వేళకు పాత గుడుల గోపురాల్లోనుండి చిన్న గబ్బిలాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అది ఇంట్లో దూరితే అరిష్టమని మనవాళ్లు చీపురు పట్టుకుని తరుముతారు. ఆ కంగారులో మనం గమనించని సంగతి ఒకటుంది. దీపం ఆర్పేసినా ఆ ప్రాణి గోడకు కొట్టుకోదు. బట్టలారేసే తీగ అడ్డం ఉన్నా తప్పించుకుని పోతుంది. ఇదెలా సాధ్యమని పట్టుబట్టి పరీక్షించి చూసినవారు ఒక కతోలిక గురువు. ఆయన పేరు లాజరో స్పల్లంజాని.

ఆయన ఉత్తర ఇటలీలోని స్కాండియానో పట్టణంలో 1729 జనవరి 12న జన్మించారు. తండ్రి న్యాయవాది. యేసు సభ గురువుల కళాశాలలో చదివి, తండ్రి బాటలోనే నడవాలని బొలోనా నగరానికి న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లారు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆయన బంధువు లౌరా బస్సి భౌతికశాస్త్రం బోధిస్తుండేది. స్త్రీలు కళాశాల గడప తొక్కడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె ఆచార్య పదవిలో ఉంది. ఆమె ప్రభావంతో ఈయన మనస్సు ప్రకృతి శాస్త్రాల వైపు మళ్లింది. న్యాయశాస్త్రం విడిచారు. గురుపట్టం పొందారు. 1769 నుండి మరణించేవరకు పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు.

స్పల్లంజానిగారి స్వభావం ఒక్కటే. ఎవరైనా ఒక మాట అంటే, అన్నవారు ఎంతటివారని చూడరు. అది నిజమో కాదో పరీక్ష చేసి చూస్తారు. కుళ్లిన పదార్థంలో సూక్ష్మజీవులు వాటంతటవే పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. ఆ వాదాన్ని సమర్థించిన నీడమ్ అనే పండితుడు కూడా కతోలిక గురువే. స్పల్లంజానిగారు గాజు సీసాల్లో పులుసు నీళ్లు పోసి, మూతి కరగించి మూసివేసి, చాలాసేపు మరిగించారు. వాటిలో ఏ జీవీ పుట్టలేదు. ఈ ఫలితాన్ని 1765లో ప్రకటించారు. కడుపులో ఆహారం ఎలా జీర్ణమవుతుందో తెలుసుకోవడానికి, తిండిని చిన్న గుడ్డ సంచుల్లో కుట్టి తానే మింగిన మనిషి ఆయన.

1793లో, అరవై నాలుగేళ్ల వయస్సులో, ఆయన దృష్టి గబ్బిలాల మీద పడింది. గదిలో కొవ్వొత్తి ఆరిపోగానే గుడ్లగూబ గోడలకు కొట్టుకోసాగింది. గబ్బిలం మాత్రం హాయిగా ఎగురుతూనే ఉంది. గుడ్లగూబకు చీకట్లో చూపు ఎక్కువంటారు. దానికి లేని శక్తి దీనికేముంది? గదిలో అడ్డంగా దారాలు వేలాడదీసి చూశారు. గబ్బిలాలు దారాలను కూడా తప్పించుకున్నాయి. చివరికి వాటి కళ్లు తీసివేసి చూశారు. అప్పుడూ మునుపటిలాగే ఎగిరాయి. పావియా దేవాలయపు గంట గోపురంలోని గబ్బిలాలను పట్టి, కళ్లు తీసి వదిలారు. కొన్ని రోజుల తరువాత తిరిగి దొరికిన వాటి కడుపులు కోసి చూస్తే, కళ్లున్న గబ్బిలాల కడుపుల్లాగే పురుగులతో నిండి ఉన్నాయి.

ఆ పరీక్షలు క్రూరమైనవే. ఈ కాలంలో అలా చేయడం ఎవరమూ సమర్థించము. కానీ వాటివల్ల ఒక సంగతి తేలింది. గబ్బిలం కళ్లతో దారి చూసుకోవడం లేదు.

మరి దేనితో? స్పర్శతోనేమోనని ఒంటికి వార్నిష్ పూశారు. వాసనతోనేమోనని ముక్కు మూశారు. అయినా ఎగిరాయి. మనకు తెలియని ఆరవ ఇంద్రియమేదో ఉండాలని కూడా ఆయన తలపోశారు. ఈ సంగతులు తెలిసి జెనీవాలో లూయి జూరిన్ అనే వైద్యుడు 1794లో గబ్బిలాల చెవులు గట్టిగా మూసి వదిలాడు. అవి అడ్డమొచ్చిన ప్రతిదానికీ కొట్టుకున్నాయి. స్పల్లంజానిగారు ముందు ఒప్పుకోలేదు. తానే మళ్లీ పరీక్షించారు. చెవుల్లో సన్నని ఇత్తడి గొట్టాలు అమర్చారు. గొట్టం తెరచి ఉంటే గబ్బిలం చక్కగా ఎగిరింది, మూస్తే కొట్టుకుంది. వెంటనే తన ఆరవ ఇంద్రియాన్ని పక్కనపెట్టి, గబ్బిలానికి దారి చూపేది చెవేనని ఒప్పుకున్నారు. కానీ ఎగిరే గబ్బిలం నుండి ఆయనకు ఏ శబ్దమూ వినిపించలేదు. శబ్దమే లేనిచోట చెవి ఏమి వింటుంది? ఆ ప్రశ్నకు జవాబు దొరకకుండానే 1799 ఫిబ్రవరిలో పావియాలో కన్నుమూశారు.

పండితులు ఈ మాటను ఎగతాళి చేశారు. చెవులతో చూసే జంతువు కళ్లతో వింటుందా అని నవ్వారు. పారిస్‌లో మహా పండితుడు కువియర్ 1795లోనే, ఒక్క పరీక్షయినా చేయకుండా, అదంతా రెక్కల స్పర్శజ్ఞానమని తేల్చేశాడు. పెద్దవాడి మాట కాబట్టి నూరేళ్లకు పైగా లోకం దానినే నమ్మింది.

1938లో అమెరికాలో హార్వర్డ్ విద్యార్థి డోనాల్డ్ గ్రిఫిన్ తన గబ్బిలాలను ఒక ప్రత్యేక యంత్రం ముందు పెట్టాడు. మనిషి చెవికి అందని శబ్దాలను పట్టే ఆ యంత్రాన్ని భౌతికశాస్త్ర ఆచార్యులు పియర్స్ తయారుచేశారు. నిశ్శబ్దంగా కనిపించే గబ్బిలాలు అరుస్తున్నాయని అది చెప్పింది. తరువాత గ్రిఫిన్, గాలంబోస్ కలిసి పరీక్షించారు. చెవులు మూసినా, నోరు కట్టినా గబ్బిలం దారి తప్పింది.

మన చెవి సెకనుకు సుమారు 20,000 ప్రకంపనాల వరకే వినగలదు. ఈ అరుపులు చాలావరకు అంతకు పైనుంటాయి. ఆస్పత్రిలో గర్భిణికి స్కానింగ్ చేసేదీ ఇలాంటి అతిధ్వనులతోనే. గబ్బిలం అరుస్తుంది, ఆ శబ్దం గోడకో పురుగుకో తగిలి ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. మూడున్నర మీటర్ల దూరాన గోడ ఉంటే సెకనులో సుమారు యాభయ్యో వంతులో వస్తుంది. ఆ వ్యవధిని బట్టి దానికి దూరం తెలుస్తుంది. పురుగు దగ్గరయ్యేకొద్దీ అరుపులు పెరిగి, సెకనుకు ఇంచుమించు 200 దాకా పోతాయి. అయితే మన చింతచెట్లకు, మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలకు ఈ విద్య లేదు. అవి పండ్లు తినే జాతి. వాటికి కళ్లు, ముక్కే ఆధారం.

ప్రియ పాఠకులారా, కువియర్ దగ్గర వివరణ ఉంది, పరీక్ష లేదు. స్పల్లంజానిగారి దగ్గర పరీక్ష ఉంది, వివరణ లేదు. వివరణ లేదని ఆయన నిజాన్ని దాచలేదు, కల్పించి చెప్పనూ లేదు. నిజాన్ని నిజంగానే వదిలి వెళ్లారు. అది నూట నలభై ఏళ్లకు పైగా ఎదురుచూసింది.

మన చెవికి అందనిదంతా నిశ్శబ్దం కాదు. ఇంట్లో ఓ మూల కూర్చున్న ముసలితల్లి ఏమీ అనడం లేదంటే ఆమెకు బాధ లేదని అనుకుంటాం. బడినుండి వచ్చిన పిల్లవాడు మాట్లాడకపోతే బుద్ధిమంతుడయ్యాడని మురుస్తాం. వినబడలేదు కాబట్టి ఏమీ లేదని తీర్మానించకముందు, ఒకసారి దగ్గరకు వెళ్లి కూర్చుని అడిగి చూద్దాం.