మంద్రతంతికి మద్దెల పలుకులు నేర్పిన జేమ్స్ జేమర్సన్

నల్లగొండ, పాలమూరు పల్లెలలో జాతర మొదలు కాకముందే డప్పుల వారు చితుకులు పోగుచేసి, మంట వేసి, డప్పులను కాచుకోవటం మన విద్యార్థులకు తెలియని విషయం కాదు. వేడికి తోలు బిగుస్తుంది. బిగిసిన తోలుపై సిర్ర పడగానే ధ్వని ఒక్కసారిగా ఎగసి, మరుక్షణమే అణగిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ నిశ్శబ్దం స్పష్టంగా నిలుస్తుంది గనుకనే ఆడేవాని అడుగు తడబడదు. తంతి వాద్యాల స్వభావం ఇందుకు భిన్నమైనది. వీణ మీటినా, తంబురా మీటినా నాదం చాలాసేపు మ్రోగి, మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది. అట్టి తంతిచేత, అందునా మిక్కిలి మంద్రమైన తంతిచేత, డప్పువలె దెబ్బకు దెబ్బ విడిగా పలికించిన అమెరికా నల్లజాతి వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్. ఆతని వాద్యాన్ని ప్రపంచం విన్నది. ఆతని పేరు మాత్రం చాలాకాలం వినలేదు.

జేమర్సన్ 1936 జనవరి 29వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రపు తీరంలోని ఎడిస్టో దీవిలో జన్మించాడు. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడిన వారి సంతతి తమ పాటలనూ లయలనూ తరతరాలుగా కాపాడుకొన్న ప్రదేశమది. బాల్యంలో ఆతడు కర్రకు సాగే తాడొకటి బిగించి, దానిని చీమలపుట్టలో గుచ్చి మీటుతూ, చీమలను నాట్యమాడిస్తున్నానని మురిసేవాడట. 1954లో తల్లితో కలిసి, మోటారు కార్ల కర్మాగారాలకు పేరొందిన డిట్రాయిట్ నగరానికి చేరాడు. అక్కడి నార్త్‌వెస్టర్న్ ఉన్నత పాఠశాలలో, మనిషి ఎత్తును మించి నిలిచే పెద్ద బేస్ వాద్యాన్ని అభ్యసించాడు. చదువు ముగిసే నాటికే నగరంలోని జాజ్, బ్లూస్ సంగీతశాలలలో ఆతనికి గుర్తింపు లభించింది.

1959లో బెర్రీ గార్డీ అనే యువకుడు డిట్రాయిట్‌లో ఒక సామాన్యమైన ఇంటిని కొని, గ్రామఫోను రికార్డుల సంస్థను స్థాపించాడు. అదే తరువాత మోటౌన్ పేర జగత్ప్రసిద్ధమైంది. ఆ ఇంటిలోని ఇరుకైన రికార్డింగు గదికి, అల్లుకొన్న తీగల మూలంగా, వాద్యకారులు పాముల గుంట అని ముద్దుపేరు పెట్టారు. ఫంక్ బ్రదర్స్ అని తమను తాము పిలుచుకొన్న ఆ వాద్యబృందంలో జేమర్సన్ ప్రముఖుడు. వారికి వేతనం లభించేదే గాని, లక్షలాదిగా అమ్ముడైన రికార్డులలో వాటా ఉండేది కాదు.

ఆ కాలానికి విద్యుత్ బేస్ గిటారు ఇంకా కొత్త వాద్యం. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేస్తూ జీవించిన లియో ఫెండర్ 1951లో దానిని విపణిలో ప్రవేశపెట్టాడు. నాలుగు తంతులు, వ్రేలు తప్పకుండా నిలిపే లోహపు మెట్లు, భుజాన తగిలించుకొనే వీలు దాని విశేషాలు. ఉక్కు తంతి అయస్కాంతంపై కంపించినపుడు, అయస్కాంతాన్ని చుట్టిన సన్నని రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది. దానినే పెంచి ధ్వనిగా మారుస్తారు. 1960 ప్రాంతంలో జేమర్సన్ ఈ కొత్త వాద్యాన్ని చేపట్టాడు. అయినా పెద్ద బేస్‌పై అలవడిన చేతిని మాత్రం విడువలేదు. ఆతని నాదరహస్యం చాలవరకు ఇందులోనే ఉన్నది.

ఆ నాదానికి కారణాలు పలు విధాలు. మొదటిది తంతి. ఆతడు మిక్కిలి లావైన, పైన చదునైన లోహపు పట్టీ చుట్టిన తంతులను వాడేవాడు. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాడు. కొత్త తంతిలో కంచు గిన్నెను తట్టినట్టి తళుకు ఉంటుంది. వాడగా వాడగా ఆ తళుకు తరిగి, అడుగున ఉన్న గట్టి మంద్రధ్వని మాత్రమే మిగులుతుంది. రెండవది, తంతులు ఆనుకొనే గుర్రం వద్ద లోహపు మూత క్రింద ఉండే స్పాంజి ముక్క. అది తంతిని అదిమిపట్టి, పుట్టిన నాదాన్ని సాగనీయక తుంచివేస్తుంది. మృదంగ విద్వాంసుడు తొప్పిపై రవ్వముద్ద అద్ది ధ్వనిని మంద్రం గావించటం మన పాఠకులెరుగుదురు. అదనపు వస్తువు ఒకటి చేర్చి వాద్యపు గొంతును మార్చటమనే ఉపాయం రెండింటా ఒక్కటే.

మూడవది వ్రేలు. ఇతరులు రెండు వ్రేళ్ళతోనో, బిళ్ళతోనో మీటుతుండగా, జేమర్సన్ కుడిచేతి చూపుడు వ్రేలిని మాత్రమే ఉపయోగించేవాడు. కొక్కెంవలె వంగి తంతిని బలంగా లాగే ఆ వ్రేలికి మిత్రులు కొక్కెం అనే పేరే స్థిరపరచారు. ఒకే వ్రేలు గనుక ప్రతి దెబ్బకూ ఒకే బరువు. ఆతని గిటారుపై తంతులు మెట్లకు చాలా ఎత్తుగా ఉండేవి. వాటిని నొక్కటం ఇతరులకు దుస్సాధ్యమయ్యేది.

నాదం ఎంత గట్టిదైనా భావన లేనిదే సంగీతం కాజాలదు. అంతకుముందు ప్రజాగీతాలలో బేస్ వాద్యం ప్రధాన స్వరాలను లెక్కగా అందించే సేవకుని వంటిది. జేమర్సన్ దానికి స్వతంత్రమైన నడక ప్రసాదించాడు. తాళంలో దెబ్బ పడవలసిన చోట మౌనం వహించి, ఎదురుచూడని చోట పలికేవాడు. గాయకుడు ఊపిరి తీసుకొనే వేళ ముందుకు వచ్చి, పాట అందుకోగానే వెనుకకు తగ్గేవాడు. స్వరం పొట్టిదైనందువల్లనే ఆ జటిలమైన గతులు కలగాపులగం కాక స్పష్టంగా వినిపించాయి. 1964లో టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ గీతంలో మొట్టమొదట వినబడేది ఆతని తంతియే. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ సైతం ఆతని ప్రభావాన్ని అంగీకరించాడు.

ఇంత జరిగినా రికార్డుల అట్టలపై ఆతని పేరు లేదు. యువకులు ఆ వాద్యాన్ని అనుకరిస్తూనే, అది ఎవరిదో తెలియక తికమకపడ్డారు. 1971లో మార్విన్ గే వెలువరించిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రికార్డుపై తొలిసారిగా ఆతని పేరు ప్రశంసాపూర్వకంగా అచ్చయింది. అప్పటికి ఆతడు ఆ సంస్థలో పన్నెండేళ్ళు గడిపాడు.

1972లో మోటౌన్ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. మరుసటి ఏడు జేమర్సన్ కూడా అక్కడికి వెళ్ళాడు. కాని కాలం మారింది. తళుకుమనే కొత్త తంతులు, బొటనవ్రేలితో చరిచే కొత్త పద్ధతి వాడుకలోకి వచ్చాయి. ఆతడు తన పాత తంతులను విడువలేదు. పనులు తగ్గాయి. ఏనాటినుంచో వెన్నాడుతున్న మద్యపానం ఆరోగ్యాన్ని కబళించింది. 1983లో సంస్థ ఇరువది అయిదేళ్ళ ఉత్సవం వైభవంగా జరిపినపుడు, ఆ పాటలకు పునాది వేసిన మనిషి తానే టిక్కెట్టు కొని మేడపై వరుసలో కూర్చున్నాడు. కొన్ని నెలలకే, ఆగస్టు 2వ తేదీన, నలభై ఏడవ ఏట కన్నుమూశాడు. ప్రాణప్రదమైన ఆతని గిటారు అంతకు కొద్ది రోజుల ముందే దొంగల పాలయింది.

కీర్తి ఆలస్యంగా వచ్చింది. 1989లో ఆలన్ స్లట్‌స్కీ ఆతని జీవితాన్ని, వాద్యపు స్వరలిపులతో సహా గ్రంథస్థం చేశాడు. 2000లో రాక్ సంగీత ప్రముఖుల సరసన ఆతనికి స్థానం దక్కింది. 2002లో ఫంక్ బ్రదర్స్‌పై చలనచిత్రం వెలువడింది.

ఈ కథ దూరదేశానిదే అయినా మనకు పరాయిది కాదు. పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరను తరతరాలుగా వాయించినవారిలో లోకమెరిగిన పేర్లెన్ని? 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్య పేరు మనకు తెలుసు. ఆయనకు ముందటి వారి పేర్లు మనకు తెలియవు. ఊరి డప్పు, ఊరి కిన్నెర విన్న విద్యార్థి, వాయించినవారి పేరడిగి తన నోటుపుస్తకంలో వ్రాసుకొంటే చాలు. జేమర్సన్‌కు పన్నెండేళ్ళపాటు దక్కనిది ఆ ఒక్క పంక్తియే.