వెస్ మోంట్‌గొమరీ – బొటనవేలితో గిటారు



సూరత్ నగరంలోని సలాబత్‌పురాలో గానీ, దాని చుట్టుపక్కల గానీ ఉంటూ ఈ పాఠం చదువుతున్న వారికి మరమగ్గం చప్పుడు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పన్నెండు గంటల షిఫ్టు ముగించి, ఇంటికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని పుస్తకం ముందు కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. మీరు వేరే ఊళ్లో వేరే పని చేస్తున్నా ఈ కష్టం తెలిసినవారే. అందుకే ఈ పాఠానికి ఒక కార్మికుని జీవితాన్ని ఎన్నుకున్నాం. అతడు అమెరికా దేశంవాడు. పగలు కర్మాగారంలో పనిచేసి, రాత్రి గిటారు వాయించేవాడు. అతనికి సంగీత లిపి చదవడం రాదు. అయినా జాజ్ గిటారు చరిత్ర రాసేవారు ఎవరూ అతని పేరును వదిలిపెట్టలేరు. అతడే వెస్ మోంట్‌గొమరీ.

బాల్యం, మొదటి గిటారు

వెస్ 1923 మార్చి 6న ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు జాన్ లెస్లీ మోంట్‌గొమరీ. ఇంట్లో అందరూ వెస్ అని పిలిచేవారు. అన్న పేరు మంక్, తమ్ముని పేరు బడ్డీ. తరువాతి కాలంలో ముగ్గురూ సంగీతకారులే అయ్యారు. మంక్ బేస్ వాయించాడు; బడ్డీ పియానో, వైబ్రాఫోన్ వాయించాడు. వెస్‌కు పన్నెండేళ్ల వయస్సులో మంక్ ఒక నాలుగు తీగల గిటారు కొనిచ్చాడు. అప్పుడది ఆటవస్తువే. వెస్ దాన్ని వాయించాడు, పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు. గురువు లేడు, పాఠం లేదు.

1943లో సెరీన్ అనే యువతితో అతని వివాహం జరిగింది. సుమారు ఆ రోజుల్లోనే వెస్ ఒక గ్రామఫోను రికార్డు విన్నాడు. అది బెన్నీ గుడ్‌మన్ బృందం 1941లో వాయించిన సోలో ఫ్లైట్. అందులో గిటారు వాయించినవాడు చార్లీ క్రిస్టియన్. విద్యుత్ గిటారును జాజ్‌లో ఒక ముఖ్య వాద్యంగా నిలబెట్టిన ఈ యువకుడు 1942లో పాతికేళ్ల వయస్సుకే క్షయవ్యాధితో మరణించాడు. ఆ రికార్డు విన్న వెస్ ఆరు తీగల గిటారు, దానితోపాటు ఒక యాంప్లిఫయర్ కొన్నాడు. రికార్డును తిప్పి తిప్పి విన్నాడు. ఒక్కో స్వరం తీగపై ఎక్కడ దొరుకుతుందో వెతికి పట్టుకున్నాడు. కొన్ని నెలల్లో చార్లీ క్రిస్టియన్ వాయించినవన్నీ అతని వేళ్లకు వచ్చేశాయి.

అవి విని ఒక క్లబ్బువారు అతణ్ణి పనిలో పెట్టుకున్నారు. కానీ వెస్‌కు వచ్చినవి అవి మాత్రమే! వాటిని ఉన్నవి ఉన్నట్టుగా వాయించేవాడు. అవి అయిపోగానే వేదిక దిగి కూర్చునేవాడు. బృందం మిగిలిన పాటలు వాయిస్తుంటే అతడు చేయగలిగింది లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక పద్యాన్ని కంఠస్థం చేసినవాడికి పద్యం వచ్చినట్టా? వచ్చినట్టే, కానీ సగం. వెస్ మిగిలిన సగం కోసం ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. యాంప్లిఫయర్ శబ్దానికి ఇరుగుపొరుగు వారు గొడవపెట్టారు. గిటారు వాయించేవారు సాధారణంగా పిక్ అనే చిన్న బిళ్లతో తీగలు మీటుతారు. వెస్ ఆ బిళ్లను పక్కన పెట్టి కుడిచేతి బొటనవేలి కండతో మీటి చూశాడు. శబ్దం తగ్గింది. అంతేకాదు, గుండ్రంగా, వెచ్చగా ఉండే కొత్త ధ్వని వచ్చింది. బిళ్లతో వచ్చే వేగం బొటనవేలితో రాదని తెలిసినవారు అనేవారు. ఆ వేలికి కాయ కాచింది, వేగమూ వచ్చింది. ఇరుగుపొరుగు వారి నిద్ర కోసం చేసిన ఏర్పాటు జీవితాంతం అతని పద్ధతి అయింది.

ఐదు స్వరాలు, నిండైన కార్డ్‌లు

వెస్ ఏమి సాధించాడో తెలియాలంటే కొంచెం సంగీతం తెలుసుకోవాలి. భయపడవద్దు. మాయాబజార్ (1957) చిత్రంలోని లాహిరి లాహిరి పాట మీరు వినే ఉంటారు. అది మోహన రాగం. అందులో ఏడు స్వరాలు ఉండవు; స రి గ ప ద అనే ఐదే ఉంటాయి. ఇలా ఐదు స్వరాలతో నడిచే రాగాన్ని మన సంగీతంలో ఔడవ రాగం అంటారు. పాశ్చాత్యులు ఐదు స్వరాల వరుసను పెంటటానిక్ స్కేల్ అంటారు. చైనా పాటల్లో, స్కాట్లండ్ జానపదాల్లో, ఆఫ్రికా గీతాల్లో కూడా ఇలాంటి వరుసలు వినిపిస్తాయి. అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటల్లో ఎక్కువగా వినబడేది మన శుద్ధ ధన్యాసిని పోలిన వరుస: స గ మ ప ని. బ్లూస్ పాడేవాడు అందులోని గాంధారాన్ని ఉన్నచోట ఉంచడు. కాస్త పైకి లాగి వదులుతాడు. మన గమకం విన్న చెవికి అది పరాయిగా అనిపించదు. వెస్ పుట్టి పెరిగింది ఈ బ్లూస్ మధ్యనే.

ఇక కార్డ్ సంగతి. మన సంగీతంలో స్వరం తరువాత స్వరం వస్తుంది. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలను ఒకేసారి మోగిస్తారు. ఆ గుంపునే కార్డ్ అంటారు. స గ ప మూడూ కలిపి మోగిస్తే మామూలు కార్డ్. దానికి ని చేర్చితే రంగు మారుతుంది. పై స్థాయి రి కూడా చేర్చితే ఇంకా చిక్కబడుతుంది. జాజ్ వారికి ఇలాంటి నిండైన కార్డ్‌లు ఇష్టం. ఇప్పుడు ఒక చిత్రం చూడండి. స గ ప లకు ని బదులు ద చేర్చి, పైన రి పెట్టండి. మోహనంలోని ఐదు స్వరాలూ వచ్చేశాయి కదా! ఒకదాని వెంట ఒకటి పలికితే అవి మోహనం. ఐదూ ఒకేసారి మోగితే జాజ్ వారి కార్డ్. దాన్ని వారు సిక్స్ నైన్ అంటారు. స నుంచి లెక్కపెడితే ద ఆరవది, పై రి తొమ్మిదవది. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి.

గిటారుకు తీగలు ఆరు. తీగలు నొక్కడానికి ఎడమచేతికి సాధారణంగా దొరికేవి నాలుగు వేళ్లే. అందుకని జాజ్ గిటారు వాద్యకారుడు కార్డ్‌లోని స్వరాలన్నీ పట్టుకోడు. పక్కన బేస్ వాయించేవాడు షడ్జమం పలికిస్తుంటే ఇతడు దాన్ని వదిలేస్తాడు. ఏది వదలాలో తెలియడం ఈ విద్యలో సగభాగం. ఇవన్నీ పుస్తకాల్లో పేర్లతో సహా ఉన్నాయి. వెస్‌కు మాత్రం ఇవి చెవి ద్వారానే వచ్చాయి.

అతడు పాటను మూడు అంతస్తుల మేడలా కట్టేవాడు. మొదట ఒక్కొక్క స్వరంతో నడిపేవాడు. తరువాత అదే స్వరాన్ని కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఒకేసారి పలికిస్తూ నడిపేవాడు. దీనికి రెండు తీగలు కావాలి, వాటి మధ్య ఒక తీగ మోగకుండా ఉండాలి. ఎడమచేతి చూపుడువేలి కండను దానికి తాకించి ఆ తీగ నోరు మూయించేవాడు. ఇలా వేగంగా వాయించడం సాధన చేసిన రోజుల్లో తలనొప్పి వచ్చేదట. చివరి అంతస్తులో కార్డ్‌లే. ప్రతి కార్డ్‌లోనూ అన్నిటికన్నా పై స్వరం పాట నడకను చెబుతుంది, కింది స్వరాలు దాన్ని మోస్తాయి. వినేవారికి ఒక గిటారు కాదు, చిన్న బృందం వాయిస్తున్నట్టు ఉంటుంది.

పగలు కర్మాగారం, రాత్రి క్లబ్బు

1948లో లయనెల్ హాంప్టన్ అనే పేరుమోసిన సంగీతకారుడు వెస్‌ను తన బృందంలో చేర్చుకున్నాడు. బృందం ఊరూరా తిరిగేది. వెస్‌కు విమానమంటే భయం. ఎంత దూరమైనా కారులోనే వెళ్లేవాడు. రెండేళ్లు తిరిగాడు. ఇంటి దగ్గర భార్య, పిల్లలు. 1950లో ఆ ఉద్యోగం మానుకుని ఇండియానాపొలిస్ తిరిగి వచ్చాడు.

తరువాతి సంవత్సరాల్లో అతని దినచర్య ఇలా ఉండేది. ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు రేడియో విడిభాగాల కర్మాగారంలో పని. రాత్రి 9 నుంచి 2 వరకు ఒక క్లబ్బులో గిటారు. అక్కడి నుంచి మిసైల్ రూమ్ అనే ఇంకో క్లబ్బుకు వెళ్లి తెల్లవారుజామున 5 గంటల దాకా వాయించేవాడు. మళ్లీ 7 గంటలకు కర్మాగారం. పిల్లలు ఏడుగురు. నిద్ర ఎప్పుడు? మధ్యాహ్నం, సాయంత్రం దొరికినంత. సిగరెట్లు మాత్రం తెగ కాల్చేవాడు. ఇలాంటి శ్రమను మెచ్చుకుంటూ కథలు చెప్పేవారు చాలామంది ఉంటారు. మాకు అది మెచ్చుకోవలసిన సంగతిగా తోచదు. అతనికి ఒక్క పనితో ఇల్లు గడిచి ఉంటే ఆ గుండె ఇంకొంతకాలం కొట్టుకునేదేమో.

1959లో కానన్‌బాల్ ఆడర్లీ అనే శాక్సఫోన్ విద్వాంసుడు మిసైల్ రూమ్‌లో వెస్ వాయించడం విన్నాడు. న్యూయార్క్‌లో తన రికార్డులు తీసే రివర్‌సైడ్ సంస్థకు వెంటనే కబురు చేశాడు. ఆ సంస్థ నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ ఇండియానాపొలిస్‌కు వచ్చి, విని, ఒప్పందం రాయించుకున్నాడు. అప్పటికి వెస్ వయస్సు 36 ఏళ్లు. 1960 జనవరిలో ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్ అనే రికార్డుకు వాయించాడు. దానిలో వెస్ట్ కోస్ట్ బ్లూస్, ఫోర్ ఆన్ సిక్స్, డి నాచురల్ బ్లూస్ వంటివి అతడు సొంతంగా కూర్చినవి. లిపి రాదు కాబట్టి వాటిని తోటివారికి వాయించి చూపేవాడు. గిటారు వాయించేవారి లోకంలో ఈ రికార్డు పెద్ద సంచలనం అయింది.

పేరు వచ్చింది, డబ్బు అంతగా రాలేదు. 1964లో రివర్‌సైడ్ దివాలా తీసింది. వెస్ వర్వ్ అనే సంస్థలో చేరాడు. అక్కడి నిర్మాత క్రీడ్ టేలర్ ఒక కొత్త దారి చూపాడు. జనం ఎరిగిన పాటలు తీసుకోవాలి, వెనుక పెద్ద వాద్యబృందం ఉండాలి, వెస్ ఆ పాటను రెండు స్థాయిల పద్ధతిలో తీయగా వాయించాలి, మూడు నాలుగు నిమిషాల్లో ముగించాలి. గోయిన్ అవుట్ ఆఫ్ మై హెడ్ అనే రికార్డుకు 1966 సంవత్సరపు గ్రామీ బహుమతి వచ్చింది. 1967లో వచ్చిన ఎ డే ఇన్ ది లైఫ్ జాజ్ రికార్డుల్లో అంతవరకు అరుదైన సంఖ్యలో అమ్ముడుపోయింది.

విమర్శకులకు కోపం వచ్చింది. మూడంతస్తుల మేడ కట్టేవాడు ముందు గదిలోనే ఆగిపోయాడని వారి బాధ. వారి మాటలో నిజం ఉంది. ఆ చివరి రికార్డులు వింటే మనకూ తెలుస్తుంది. కానీ ఏడుగురు పిల్లల తండ్రి, ఏళ్ల తరబడి రోజుకు రెండు మూడు పనులు చేసినవాడు, నలభై దాటాక మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు చూశాడు. అతణ్ణి తప్పుపట్టే ముందు మనం ఆ ఇంటి ఖర్చుల లెక్క కూడా వేయాలి. పైగా అతడు పాత విద్యను మరిచిపోలేదు. 1965లో వింటన్ కెల్లీ బృందంతో న్యూయార్క్ హాఫ్ నోట్ క్లబ్బులో వాయించిన రికార్డులో మూడంతస్తులూ ఉన్నాయి. అయితే రాను రాను క్లబ్బులకు వచ్చేవారు కూడా రేడియోలో విన్న పాటలే కావాలని అడిగేవారు.

1968 జూన్ 15న, ప్రదర్శనల యాత్ర నుంచి ఇంటికి వచ్చిన కొద్దికాలానికే, ఇండియానాపొలిస్‌లో గుండెపోటుతో వెస్ మరణించాడు. వయస్సు 45 ఏళ్లు. సుఖంగా సంపాదించిన కాలం మూడేళ్లకు మించదు. ఆ నగరంలో ఇప్పుడు అతని పేరుతో ఒక పార్కు ఉంది. జార్జ్ బెన్సన్, పాట్ మెథీనీ వంటి తరువాతి తరం గిటారు విద్వాంసులు అతని రికార్డులు వింటూ నేర్చుకున్నారు. అతడు వాయించినవాటిని వేరేవారు లిపిలోకి ఎక్కించారు. సంగీత విద్యార్థులు వాటిని చూసి సాధన చేస్తారు.

1965లో వెస్ తన భయాన్ని దిగమింగుకుని ఐరోపా వెళ్లినప్పుడు లండన్ టెలివిజన్ వారు తీసిన చిత్రం ఇప్పటికీ ఉంది. మీకు అవకాశం దొరికితే తప్పక చూడండి. మొదటిసారి ముఖం చూస్తారు, అతడు నవ్వుతూ ఉంటాడు. రెండవసారి కుడిచేతిని గమనించండి. మిగతా వేళ్లు విప్పుకుని గిటారుపై ఆనించి ఉంటాయి, బొటనవేలు ఒక్కటే కదులుతుంది. మూడవసారి కళ్లు మూసుకుని, పాట ఒక్కో స్వరం నుంచి రెండు స్థాయిలకు, అక్కడి నుంచి కార్డ్‌లకు ఎప్పుడు మారిందో చెవితో పట్టుకోవడానికి ప్రయత్నించండి.