మూసారాంబాగ్ పేరు వెనక ఉన్న ఫిరంగుల అమీన్

బెజవాడ నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ అన్న బోర్డు కనిపిస్తుంది. మూసీ నది పేరేమో అనుకునేవాణ్ణి. కాదు. అది ఒక ఫ్రెంచివాడి పేరు. మోస్యూ రేమండ్ అన్న పిలుపు జనం నోట్లో నలిగి నలిగి హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్ అయింది.

మిషెల్ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో పాండిచ్చేరిలో దిగాడు. కొన్నాళ్ళు మైసూరు కొలువు, తర్వాత 1783లో బుస్సీ దగ్గర పని. బుస్సీ మనకు కొత్తవాడేం కాదు. 1753లో నిజాం నుంచి కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లు పొందినవాడు ఆయనే. బందరులో పరాసుపేట ఆ ఫ్రెంచివాళ్ళ గుర్తే.

బుస్సీ పోయాక రేమండ్ రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. మొదట చేతికింద ఉన్నది 300 మంది. అప్పట్లో దర్బారు పదవులు చాలావరకు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి. నిజాం సొంత దళమైన పాయగా ఒకే వంశం చేతిలో ఉండేది. అలాంటి చోట వంశం లేని ఒక పరాయివాడికి 1796లో అమీన్ జిన్సీ పదవి దక్కింది. అంటే రాజ్యం ఫిరంగులు, మందుగుండు అన్నిటికీ బాధ్యుడు. ఫతే మైదాన్ దగ్గర ఆయన ఫిరంగులు పోయించిన తోప్ కా సాంచాయే నేటి గన్‌ఫౌండ్రీ.

నిజాం అంత నమ్మడానికి కారణం ఉంది. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం వస్తే ఇంగ్లీషువాళ్ళు తమకు సంబంధం లేదన్నారు. నిజాం ఓడిపోయాడు గానీ రేమండ్ పటాలాలు మాత్రం గట్టిగా నిలబడ్డాయి. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తిరగబడితే పట్టుకున్నదీ రేమండే. ఆయన దళం 14 వేలకు పెరిగింది.

1798 మార్చి 25న 43వ ఏట రేమండ్ చనిపోయాడు. విషం పెట్టారని పుకారు లేచింది. ఆయన చోటికి పిరాన్ అనే మరో ఫ్రెంచివాడు వచ్చాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని తీసేయాలన్నది అందులో షరతు.

ఇక్కడ మళ్ళీ మన ప్రాంతం వస్తుంది. 1788 నుంచే గుంటూరు కంపెనీ చేతిలో ఉంది. కల్నల్ రాబర్ట్స్ పటాలాలు అక్కడి నుంచే బయల్దేరి అక్టోబరులో హైదరాబాద్ చేరాయి. ఫ్రెంచి దళంలో సిపాయిలకేమో జీతాలు బకాయి. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. జీతం రాని సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి పిరాన్‌ను నిర్బంధించారు. ఇంగ్లీషువాళ్ళకు ఇంకేం కావాలి? రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, మాల్కం చుట్టూ ఫిరంగులు పెట్టి, బకాయిలు ఇప్పిస్తామని మాటిచ్చారు. అక్టోబరు 22న వేలమంది ఆయుధాలు కింద పెట్టేశారు. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. రేమండ్ పోయి అప్పటికి ఏడు నెలలు కూడా నిండలేదు. తర్వాత నిజాం రక్షణ కంపెనీ సైన్యం చేతికి పోయింది, దానికి ఖర్చు నిజాందే.

రేమండ్ సమాధి మలక్‌పేట అవతల గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అక్షరాలు. వర్ధంతి రోజున జనం అక్కడ ఊదుబత్తులు వెలిగించి ఉర్సులా జరిపేవారు. వచ్చినవాళ్ళలో మూసా రామ్ అనేవాళ్ళూ ఉన్నారు, మూసా రహీమ్ అనేవాళ్ళూ ఉన్నారు.